కాలవగట్టు సంఘాల పెద్దలకు ఒక రిటైర్డ్ లస్కరు బహిరంగ లేఖ

కృష్ణా డెల్టాలో కాలవగట్టుల మీదున్న సంఘాల పాస్టర్ అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మలకు, యూత్ తమ్ముళ్లకు,

ప్రభువు పేరట వందనాలు.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా 35 ఏళ్లు చేసి మొన్నీమధ్యే రిటైరయ్యాను. లస్కరంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. కాలవ వెంబడి సైకిలేసుకుని తిరగడం, తూము షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడన్నా కారుతుంటే మట్టి బస్తాలు వేయించడం, కాలవలో అల్లుకుపోయే గుర్రపుడెక్క కలుపు లాగించడం, వంతులొచ్చినప్పుడు రాత్రిళ్లు పై ఊరివాళ్లు కింది ఊరి నీళ్లు మళ్లించకుండా కాపలా కాయడం, ఇదీ ఉద్యోగం. ఆదివారం మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెప్తాను. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే, కాలవ, బైబిలు. ఈ ఉత్తరం కూడా ఆ రెండింటి గురించే.

కొన్నేళ్ల కిందట, క్రిస్మస్ వెళ్లిన మర్నాడు. శివారు ఊళ్ల, అంటే కాలవ చివరి ఊళ్ల, మంచినీళ్ల చెరువులు నింపడానికి కాలవ వదిలి ఉంది. తెల్లారకముందే ఫోను. "ఏమయ్యా లస్కరూ, రాత్రి నుంచి మా చెరువులోకి చుక్క రావట్లేదు. ఎవరు కట్టేశారు?" అని అవతల పెద్దాయన కేకలు. వెళ్లి చూస్తే ఎవరూ కట్టలేదు. తూము జాలీకి చెత్త అడ్డం పడి, నీళ్లు ఇవతలే ఉబ్బిపోయి ఉన్నాయి. గెడ కర్రకు కొక్కెం కట్టి లాగడం మొదలుపెట్టాను. గుర్రపుడెక్క అనుకున్నాను గానీ మొదటి లాగుకే ప్లేట్లు వచ్చాయి. బిర్యానీ మసాలా ఇంకా అంటుకుని ఉన్న థర్మాకోల్ ప్లేట్లు, ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన డిస్పోజల్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్ల కవర్లు. తర్వాత పెద్ద ఫ్లెక్స్ ముక్క ఒకటి వచ్చింది. దాని మీద "రక్షకుడు మీకొరకు పుట్టి" వరకే ఉంది, మిగతాది చిరిగిపోయింది. కింద మా సంఘం పేరు.

అది చూసి అక్కడున్న కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, ఏం చేస్తాం. నవ్వు ఆగిపోయింది మాత్రం చివర్లో వచ్చిన కవరు విప్పాక. దాని నిండా బొటనవేలంత చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు. అడుగున ఎండిపోయిన ద్రాక్షరసం మరకలు. ప్రభువు బల్ల గ్లాసులు, అంటే చర్చిలో ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పటివి. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పాపాలు ఒప్పుకుని తాగిన గ్లాసులు. వాటిలో ఒకటి నాదే అయ్యుంటుంది. ఒకటి కడిగి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడిది రాస్తుంటే కూడా నా ముందే ఉంది.

మా సంఘంలో ఇదివరకు ప్రభువు బల్లకు చిన్న గాజు గ్లాసులుండేవి, చెక్క ట్రేలో గుంటల్లో పెట్టేవాళ్లు. శనివారం సాయంత్రం ఒక పెద్దమ్మ వేణ్నీళ్లలో కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించేది. పగిలితే ఆమె ముఖం మాడిపోయేది. కరోనా వచ్చింది, ఒకరు తాగింది ఒకరు ముట్టుకోకూడదని ప్లాస్టిక్‌వి తెచ్చారు. అప్పటికి అది సబబే. కరోనా పోయింది, గ్లాసులు పోలేదు. నెలకో బల్ల, బల్లకు 250 మంది, ఏడాదికి 3 వేల గ్లాసులు. ఒక్క మా సంఘం లెక్కే ఇది.

ఇంకో సంగతి. 1981లో నాకు బాప్తిస్మం ఇచ్చింది ఈ కాలవలోనే. సంఘమంతా గట్టు మీద నిలబడి పాట పాడుతుంటే, పాస్టర్ అయ్యగారు పంచె ఎగ్గట్టుకుని నడుములోతు నీళ్లలో నిలబడ్డారు. నీళ్లు ఎర్రగా, బురదగా ఉన్నా చల్లగా ఉన్నాయి. ముంచి లేపితే నోట్లో మట్టి రుచి. అమ్మ గట్టు మీద తువ్వాలు పట్టుకుని ఏడుస్తోంది. ఆ రోజు మాతోపాటు బాప్తిస్మం తీసుకున్న పదకొండు మందిలో ముగ్గురు శివారు ఊళ్లవాళ్లు.

ఇప్పుడు మా చర్చి పక్కన సిమెంటు తొట్టి కట్టారు, లోపల నీలం టైల్స్, బోరు నీళ్లు. ఎందుకయ్యా అంటే కాలవ నీళ్లు బాగోలేవు, పిల్లలకు దురదలొస్తాయి అన్నారు. నిజమే, వస్తాయి. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు కనిపించగానే ఫిలిప్పును అడుగుతాడు కదా, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి అని. ఆ వచనం చదివినప్పుడల్లా నాకా తూము జాలీ గుర్తొస్తుంది. అయ్యగారూ, ఆటంకం ఏమిటో నేను కొక్కెంతో లాగి చూశాను.

ఇక వాక్యం దగ్గరికి వస్తాను. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఎందుకు పెట్టాడు? "సేద్యపరచుటకును దాని కాచుటకును." సేద్యం గురించి డెల్టా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో మాట మీద మాత్రం నేనింతవరకు ఒక్క ప్రసంగం కూడా వినలేదు. కాయడం అంటే మన దగ్గర అందరికీ తెలుసు. చేను కాస్తాం, కళ్లం కాస్తాం, మామిడితోట కాస్తాం. కాసేవాడు ఓనరు కాడు. పండు కోసుకు తింటాడు గానీ చెట్టు నరకడు. పొద్దున ఆసామి వచ్చేసరికి లెక్క చెప్పాలి. మొదటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం నా ఉద్యోగమే. ఈ మాట అన్నప్పుడు సండే స్కూల్ పిల్లలు నన్ను చూసి నవ్వుతారు, నాకు మాత్రం లోపల కొంచెం గర్వంగానే ఉంటుంది.

రెండు అధ్యాయాలు దాటగానే కయీను అంటాడు, "నా తమ్మునికి నేను కావలివాడనా?" అని. కాచుట, కావలి. తెలుగులో ఒకటే మాట. బైబిలు కాలేజీలో చదివిన మా అల్లుణ్ణి అడిగితే హెబ్రీలో కూడా రెండుచోట్లా ఒకటే మాట అని చెప్పాడు. భూమిని కాయమన్న మాటా, తమ్ముణ్ణి కాయాల్సిన మాటా ఒకటే. ఇది మా లస్కర్లకు చదువు లేకుండానే తెలుసు. కాలవ పక్కన పనిచేసేవాడికి తమ్ముడంటే కింది ఊరివాడు. మనం వదిలిందే వాడికి చేరుతుంది. మనం ఉమ్మింది కూడా. మా చర్చి వెనక పడేసిన ప్లేటు మా ఊళ్లో ఎవరికీ కనపడదు, ఐదు నిమిషాల్లో నీళ్లు దాన్ని తీసుకుపోతాయి. అందుకే మనకది తప్పనిపించదు. అది తేలేది శివారులో, వాళ్లు బిందె ముంచే చెరువులో. యెహెజ్కేలు 34లో బలిసిన గొర్రెల్ని దేవుడు నిలదీస్తాడు, మీరు మంచి నీళ్లు తాగింది చాలక మిగిలినవి కాళ్లతో కలకలు చేస్తారా, నా గొర్రెలు అవి తాగాలా అని. ఈ వచనం మీద కూటం పెడితే మైకు నేనే మోస్తాను.

మా సంఘంలో ఈ మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు రాకడ, అంటే ప్రభువు మళ్లీ రావడం. "భూమి ఎలాగూ కాలిపోయేదే కదా బ్రదర్, ఆత్మల సంగతి చూడండి" అంటారు. దానికి చూపించేది పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం పదో వచనం. ఉంది, కాదనను. దానికి నాలుగు వచనాల ముందే జలప్రళయం ఊసు కూడా ఉంది. లోకం మునిగిపోతుందని దేవుడు ముందే చెప్పిన మనిషి నోవహు. ఎలాగూ పోయే లోకమే కదా అని కాళ్లు చాపుకు కూర్చోలేదు. మేకల్ని, కాకుల్ని, పాముల్ని ఎక్కించుకుని, అన్నిటికీ మేత సర్దుకున్నాడు. ఓడలో పేడ ఎవరు ఎత్తారో బైబిలు రాయలేదు గానీ, ఎవరో ఎత్తే ఉంటారు. అంతెందుకు, ప్రకటన గ్రంథం అంటే మన ప్రసంగీకులకు చాలా ఇష్టం కదా, పదకొండో అధ్యాయం పద్దెనిమిదో వచనం చివరిదాకా చదవండి. భూమిని నాశనం చేసేవాళ్లకు ఏమవుతుందని ఉందో చూడండి.

రెండో జవాబు, చెట్టూ పుట్టా అంటే అన్యుల ఆచారం, మనం సృష్టిని కాదు, సృష్టికర్తను ఆరాధించాలి అని. చెట్టుకు దండం పెట్టమని నేనడగట్లేదు. కాలవలో ఎంగిలి ప్లేటు వేయొద్దంటున్నాను. ఈ రెండింటికీ తేడా తెలియనంత అమాయకులు కారు మన పెద్దలు.

మూడోది, "వినాయకచవితికి వాళ్లు పడేయట్లేదా?" వాళ్ల సంగతి వాళ్ల పెద్దలు చూసుకుంటారు. ఆ మాటకొస్తే వాళ్లలో మట్టి విగ్రహాల మాట ఎన్నేళ్ల నుంచో నడుస్తోంది. మనలో ఏ మాట నడుస్తోంది?

థర్మాకోల్ పశువుల పాక సంగతి చెప్పకుండా ఉండలేను. డిసెంబర్‌లో డెల్టా ఎలా ఉంటుంది? సార్వా కోతలైపోయి ఎక్కడ చూసినా వరిగడ్డే. తాటాకు, కొబ్బరి మట్ట ఊరికే దొరుకుతాయి. గేదె లేని వీధి లేదు. యేసు పుట్టిన పశువుల పాక ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరన్నా ఉన్నారంటే అది మనమే. అలాంటిది మా యూత్ పిల్లలు బెజవాడ వెళ్లి థర్మాకోల్ షీట్లు కొనుక్కొచ్చి, బ్లేడుతో కోసి, గడ్డి రంగు స్ప్రే కొట్టి పాక కడుతున్నారు. పక్కనే నిజం గడ్డివాము! అలంకరణకు వాడే థర్మాకోల్‌ని, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలతో పాటు కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. 100 మైక్రాన్ల మందం లేని పీవీసీ బ్యానర్లు కూడా ఆ లిస్టులోనే ఉన్నాయి. ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెనని రోమా 13 మనకు కంఠతా. ఎలక్షన్లప్పుడే గుర్తొస్తుందేమో మరి.

పేపర్ ప్లేట్లు మంచివే కదా అని ఒక అమ్మ అడిగారు. మేమూ అలాగే అనుకున్నాం. ఒక ప్లేటును రాత్రంతా బకెట్లో నానబెట్టి పొద్దున గోరుతో గీకి చూడండి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర వలుచుకుని వస్తుంది. కూర కారకుండా వేసేది అదే. పేపరు కుళ్లుతుంది, పొర కాలవలో ఉంటుంది.

ఫ్లెక్సుల మీద ఎక్కువ రాస్తే అయ్యగార్లకు కోపమొస్తుంది, కాబట్టి ఒక్క ముక్క. మా ఊళ్లో ఒక గేదెల కొట్టం పైన ఉజ్జీవ కూటాల ఫ్లెక్స్ కప్పి ఉంది. ప్రసంగీకుడి ముఖం సరిగ్గా నీళ్లతొట్టి పైకి వచ్చింది. గేదెలు రోజూ ఆయన్ను చూస్తూ నీళ్లు తాగుతాయి. గుడ్డ బ్యానరు మీద సంవత్సరం వేయకుండా, ఎవరి ఫోటో లేకుండా రాయిస్తే పదేళ్లు వాడుకోవచ్చు.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం. ఆ రోజు ఆరాధన చాలా చోట్ల జరగలేదు. బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. నా సర్వీసులో అంత వరద ఎప్పుడూ చూడలేదు. మా మరదలు వాళ్లు రెండో అంతస్తులో చిక్కుకుపోయారు. చుట్టూ మెడలోతు నీళ్లు, తాగడానికి మాత్రం నీళ్లు లేవు. వాన మామూలు వాన కాదు, ఒప్పుకుంటాను. కానీ బుడమేరు నడిచే దారిలో ఇళ్లు లేచి, ఏరు ఇరుకైపోయి, డైవర్షన్ కాలవ గట్లకు గండ్లు పడితే ఆ నీళ్లు ఎటు పోతాయి? నీటికి దారి ఉంచకపోతే అది మనింటి దారి పడుతుంది. ఇరిగేషన్‌లో మొదటి రోజు మాకు నేర్పేది అదే.

తర్వాత తెలిసింది, సెప్టెంబర్ 1 అంటే సృష్టి కోసం ప్రార్థించడానికి సంఘాలు పెట్టుకున్న రోజట. 1989లో ఆర్థడాక్స్ సంఘం పెద్ద మొదలుపెట్టాడు, 2015లో పోప్ ఫ్రాన్సిస్ కాథలిక్కులకు కూడా పెట్టారు. అక్కణ్నుంచి అక్టోబర్ 4 వరకు సృష్టికాలం అని చాలా సంఘాలు పాటిస్తాయి. మా సంఘంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. మేము ఆ వారం ట్రాక్టర్ మీద 600 పులిహోర ప్యాకెట్లు, వాటర్ ప్యాకెట్లు తీసుకెళ్లి పంచాం. మంచి పనే. వరద తీశాక అదే వీధిలోకి మళ్లీ వెళ్లాను, మరదలు ఇల్లు కడగడానికి. బురద ఎత్తుతుంటే పారకు తగిలినవన్నీ కవర్లే. మేమిచ్చినవీ వాటిలో ఉండే ఉంటాయి. ఆపదలో కవరు తప్పదు, ఒప్పుకుంటా. ఆపద లేనప్పుడు కూడా తప్పదా?

ఇదేదో ఇంగ్లీషు చదువులవాళ్ల కొత్త ఫ్యాషన్ అనుకోకండి. మన సంఘాల్లో అమ్మలు ఎప్పటినుంచో చేసిన పనే ఇది, పేరు వేరే. మా అమ్మ అన్నం వండే ముందు ఎసట్లో బియ్యం పోస్తూ, ఒక పిడికెడు తీసి గోడపక్క ముంతలో వేసేది. పిడికెడు బియ్యం. ఇంట్లో నూకలే ఉన్న రోజున కూడా వేసేది. ఆదివారం ఆ ముంత చర్చికి వెళ్లేది, పాస్టర్ గారింటి వంటా, ఊళ్లో దిక్కులేనివాళ్ల వంటా దానితోనే. ఒక్క గింజ కింద పడితే అమ్మ వేలితో అద్ది తీసేది. ఐదు వేల మందికి కడుపు నిండాక కూడా "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అన్న ప్రభువు మాట ఆమె ఎప్పుడూ చదివి ఉండదు, ఆమెకు చదువు రాదు. అద్భుతం చేసి రొట్టెలు ఇవ్వగలిగినవాడికి మిగిలిన ముక్కలతో ఏం పని? అయినా ఏరించాడు, పన్నెండు గంపలు. మన ప్రేమ విందు అయ్యాక ఏ గంపలోకి ఏం ఏరుతున్నాం?

అందుకని నేనడిగేవి పెద్ద పనులేం కావు. జూన్ 5న పర్యావరణ దినమని మొక్క పట్టుకుని ఫోటో దిగమని అడగట్లేదు. మా చర్చి ఆవరణలో అలా ఫోటో దిగిన మొక్కలు ఏడు, బతికింది ఒకటి, అదీ వాచ్‌మన్ భార్య గిన్నెలు కడిగిన నీళ్లు పోయబట్టి.

ప్రభువు బల్లకు గాజు గ్లాసులు మళ్లీ తీయండి. ముందు అదే. బీరువాలో ఉన్నాయి, నేను చూశాను. విందుకు స్టీలు కంచాలు 300, గ్లాసులు 300 సంఘం పేరట కొనేద్దాం. మా కమిటీ లెక్కల పుస్తకం తిరగేశాను, ప్లేట్లకు, గ్లాసులకు, వాటర్ ప్యాకెట్లకు ఏటా పెడుతున్నది తక్కువేం కాదు. కృతజ్ఞత కానుకలు ఇచ్చేవాళ్లను ఈ ఏడాది ఫ్యాన్ల మీద పేర్లు రాయించడం మాని కంచాల మీద రాయించుకోమందాం. పేరు కావాలనుకునేవాళ్లకు పేరూ మిగులుతుంది. ఎక్కువమంది వచ్చే కూటాలకైతే అడ్డాకు విస్తర్లు చాలు, తిన్నాక గేదె తింటుంది, లేదా పెంటకుప్పలో కలుస్తుంది.

సమాధుల తోటకు కవరు చుట్టిన ప్లాస్టిక్ పూలదండలు తేవద్దని ఒక్క ప్రకటన చేయండి, బంతిపూలు చాలు. అవి వాడిపోతాయి అంటారు. సమాధి మీద పెట్టే పువ్వు వాడితే తప్పేముంది?

ఇంకొకటి, ఇది కొంచెం కష్టం. వేసవిలో కాలవ కట్టేశాక అడుగు కనపడుతుంది. అప్పుడు ప్రతి సంఘం తన చర్చి ముందున్న వంద గజాల కాలవ శుభ్రం చేస్తే చాలు. పూడిక తీయడం డిపార్ట్‌మెంట్ పని, దానికి మిషన్లు కావాలి. చెత్త ఏరడానికి చేతులు చాలు. రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక గంటన్నర. గాజుపెంకులుంటాయి, చెప్పులు వేసుకుని దిగాలి. నేను ముందు నడుస్తాను, ఎక్కడ లోతో, ఎక్కడ ఊబో నాకు తెలుసు.

మా మనవరాలు ఈ ఈస్టర్‌కి బాప్తిస్మం అడిగింది. తొట్టిలో వద్దు తాతయ్యా, నువ్వు తీసుకున్నచోట తీసుకుంటా అంటోంది. వచ్చే ఏడు దాకా ఆగమన్నాను.

డిసెంబర్ మొదటి ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘ కమిటీ మీటింగ్. క్రిస్మస్ విందు సామాన్ల లిస్టు రాసేది ఆ రోజే, సప్లయి వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేదీ ఆ రోజే. మీ మీ సంఘాల్లో కూడా దగ్గరదగ్గర అదే వారం ఉంటుంది. ఆ లిస్టులో ప్లేట్లు, గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు అన్న మూడు లైన్లు రాయకముందే ఈ ఉత్తరం ఒకసారి చదవమని కోరుతున్నాను. కంచాలు ఎవరు కడుగుతారని అమ్మలు అడుగుతారు, అడగాల్సిందే, ఇన్నేళ్లూ ఆ చాకిరీ వాళ్లమీదే పడింది. ఈసారి మగవాళ్లం కడుగుదాం. బోరు దగ్గర రెండు టబ్బులు, పీచు, సబ్బు నేను తెస్తాను. మొదటి వంద కంచాలు నావి.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు,
ఒక రిటైర్డ్ లస్కరు